పిల్లల చెవుల్లోని ర్యాప్‌లో ఏముంది?

ఆగస్టు నెల వచ్చిందంటే మన ఇళ్ళలో బడి హడావిడి మొదలవుతుంది. కొత్త బ్యాగులు, కొత్త బూట్లు, టీచరు పంపిన సామాన్ల జాబితా. 1973 ఆగస్టులో న్యూయార్క్ నగరం బ్రాంక్స్‌లో సిండీ క్యాంప్‌బెల్ అనే అమ్మాయిదీ ఇదే చింత. బడి తెరిచేసరికి కొత్త బట్టలు కావాలి, చేతిలో డబ్బులు చాలవు. తాము ఉండే అపార్ట్‌మెంట్ భవనంలోనే రిక్రియేషన్ రూము అద్దెకి తీసుకుని పార్టీ పెట్టింది. అమ్మాయిలకి టికెట్టు పావు డాలరు, అబ్బాయిలకి అర డాలరు. రికార్డులు వేసే పని అన్నయ్య క్లైవ్‌కి అప్పజెప్పింది. స్నేహితుల్లో అతని పేరు కూల్ హెర్క్. ఆగస్టు 11న, 1520 సెడ్జ్‌విక్ ఎవెన్యూలో జరిగిన ఆ పార్టీనే హిప్‌హాప్ పుట్టినరోజుగా చెప్పుకుంటారు. ఆ తేదీని గుర్తిస్తూ 2021లో అమెరికా సెనేట్ తీర్మానం కూడా చేసింది.

పుస్తకాల్లో అన్నయ్య పేరే పెద్దగా కనిపిస్తుంది. ఆలోచన, గది అద్దె, టికెట్టు ధర, లెక్కా జమా మాత్రం చెల్లెలివి. మన అసోసియేషన్ పండగల్లో వెనక నిలబడి అన్నీ నడిపించే ఆడవాళ్ళకి ఈ సంగతి విడమరచి చెప్పక్కర్లేదు. ఇంకో విషయం, వాళ్ళదీ వలస వచ్చిన కుటుంబమే. క్లైవ్ జమైకాలోని కింగ్‌స్టన్‌లో పుట్టి, పన్నెండో ఏట ఈ దేశం వచ్చాడు.

అతను కనిపెట్టినది చెప్పుకోవడానికి చాలా చిన్నది. పాట మధ్యలో గాయకుడు ఆగి, డ్రమ్ములు మాత్రమే మోగే కొన్ని క్షణాలుంటాయి. నాట్యం చేసేవాళ్ళు ఆ ముక్క కోసమే కాచుకుని ఉంటారని అతను గమనించాడు. ఒకే రికార్డు రెండు ప్రతులు తెచ్చి, పక్కపక్కన రెండు టర్న్‌టేబుళ్ళ మీద పెట్టి, ఒకదాంట్లో ఆ ముక్క అయిపోగానే రెండోదాంట్లో అందుకుని, కొద్ది సెకన్ల దరువుని నిమిషాల తరబడి సాగదీశాడు. ఆ దరువు మీద అతని స్నేహితుడు కోక్ లా రాక్ మైకు పట్టుకుని, వచ్చినవాళ్ళ పేర్లు పిలుస్తూ, ప్రాస కలిపి నాలుగు మాటలు విసిరేవాడు. ర్యాప్ మొలకెత్తింది ఆ నాలుగు మాటల్లోంచే.

దీన్ని రికార్డుగా తెచ్చి దేశానికి అమ్మిందీ ఒక ఆవిడే. సిల్వియా రాబిన్సన్ న్యూజెర్సీలోని ఇంగిల్‌వుడ్‌లో షుగర్‌హిల్ రికార్డ్స్ నడిపేది. 1979లో ఆవిడ తెచ్చిన ‘ర్యాపర్స్ డిలైట్’ దేశంలోని మొదటి నలభై పాటల జాబితాకి ఎక్కింది. అందులోని కొన్ని చరణాలు తన నోటుబుక్కులోవని, తనకి పేరూ డబ్బూ దక్కలేదని గ్రాండ్‌మాస్టర్ క్యాజ్ అనే ర్యాపర్ ఏళ్ళ తరబడి చెబుతూ వచ్చాడు. ఆ తగవు సంగతి అలా ఉంచితే, నాకు పట్టుకున్నది ఆ నోటుబుక్కు. అంటే అప్పటికే వాళ్ళు కూర్చుని రాసుకుని, కొట్టేసి, మళ్ళీ రాసేవారన్నమాట.

ఇదంతా ఇప్పుడెందుకంటే, కార్‌పూల్‌లో వెనక సీటు నుంచి వినిపించే పాటల్లో సగానికి పైగా ఇవే. మనలో చాలామంది చేసే పని చెయ్యి చాచి వాల్యూం తగ్గించడం. స్నేహితురాళ్ళం నలుగురం కలిస్తే వచ్చే మాట, “ఆ తిట్ల పాటలు మన పిల్లలకెందుకండీ?” అని. ఆ ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. కానీ తిట్లు తీసేస్తే మిగిలేది ఏమిటో చూడకుండా జవాబు చెప్పడం నాకు ఇష్టం లేకపోయింది. చదివింది సైన్సు కదా, పదార్థాన్ని విడగొట్టి చూడకుండా పేరు పెట్టడానికి మనసొప్పదు.

“మాట్లాడుకుంటూ పోవడమేగా, పాటేదీ?” అని మా అత్తగారి అభ్యంతరం. ర్యాప్‌లో రాగం పని తక్కువే, నిజం. పనంతా మాట తాళంలో ఎక్కడ కూర్చుంటుందన్నదే. ఒక బార్ అంటే నాలుగు దెబ్బలు. మామూలుగా చరణానికి పదహారు బార్లు. పిల్లల్ని శనివారం పొద్దున్నే సంగీతం క్లాసుకి తిప్పే అమ్మలకి ఈ లెక్క సులువు. ఆదితాళం ఎనిమిది దెబ్బలు కనక రెండు బార్లకి ఒక ఆవర్తం, పదహారు బార్లకి ఎనిమిది ఆవర్తాలు. దెబ్బకి నాలుగు అక్షరాలు పడితే చతురశ్ర గతి, మూడు పడితే తిశ్ర గతి అని మన టీచర్లు చెబుతారు కదా. 2013లో అట్లాంటా బృందం మీగోస్ ‘వర్సాచీ’ పాటతో దేశమంతా మోగించిన ట్రిప్లెట్ ఫ్లో ఆ మూడు అక్షరాల నడకే. అంతకు చాలా ముందే మెంఫిస్ ర్యాపర్లు దాన్ని వాడారు. మా పాపకి ఈ సంగతి చెప్పిన రోజున తను తొడ మీద తాళం వేసి చూసుకుని, నా వంక కొంచెం గౌరవంగా చూసింది. పన్నెండేళ్ళ పిల్ల దగ్గర అలాంటి చూపు దొరకడం అపురూపం.

ఇక ప్రాస. మనం బళ్ళో ఉత్పలమాలకి పదో అక్షరం యతి, చంపకమాలకి పదకొండో అక్షరం యతి అని బట్టీ పట్టాం. నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం కలవాలి. ఇంగ్లీషు పద్యానికి బాగా అలవాటైనది అంత్యప్రాస. తొలి రోజుల ర్యాప్ కూడా అంతే, పాదం చివర టక్కున కలిపి ఊరుకునేది. దాన్ని మార్చినవాళ్ళలో ముందు చెప్పుకోవలసింది లాంగ్ ఐలండ్ కుర్రాడు రకీం. 1987లో ఎరిక్ బీతో కలిసి తెచ్చిన ‘పెయిడ్ ఇన్ ఫుల్’ ఆల్బంలో అతను ప్రాసని పాదం చివర్నుంచి మధ్యకి లాక్కొచ్చాడు. ఒక మాటకి ఒక మాట కాదు, మూడు నాలుగు అక్షరాల గుంపుకి అలాంటి గుంపే తగిలేలా కూర్చాడు. చిన్నప్పుడు శాక్సఫోన్ వాయించేవాడు, జాన్ కోల్ట్రేన్ సంగీతం అతనికి ప్రాణం. ఊపిరి ఎక్కడ తీసుకోవాలి, వాక్యాన్ని బార్ దాటించి ఎక్కడ దింపాలి అన్నది అక్కడి నుంచే వచ్చిందని అతనే చెప్పుకున్నాడు.

ఆరెంజ్ అనే మాటకి ఇంగ్లీషులో ప్రాస లేదని అంటారు. ఎమినెం 2010లో ‘60 మినిట్స్’ కార్యక్రమంలో ఆ మాటకి వరసగా ప్రాసలు చెప్పి చూపించాడు. రహస్యం ఏమీ లేదు. మాటని ముక్కలు చేసి, పలుకుబడిని కాస్త వంచి, పక్క మాటల్లో ఆ శబ్దం వెతుక్కోవడమే. కాగితం ముక్కల మీద రాసి పెట్టెల్లో దాచుకున్న మాటల్ని కూడా అందులో చూపించాడు. సమస్యాపూరణంలో అసాధ్యమనిపించే చివరి పాదం ఇస్తే, అవధాని పదాన్ని వేరే చోట విరిచి గట్టెక్కేస్తాడే, ఆ కిటుకు అతనికీ తెలుసు. ఇక ఇద్దరు ర్యాపర్లు ఎదురెదురుగా నిలబడి అప్పటికప్పుడు అల్లుకుంటూ దెబ్బలాడుకునే పోటీలు చూస్తే నాకు అవధానంలోని అప్రస్తుత ప్రసంగం గుర్తొస్తుంది. తడుముకున్నవాడు అక్కడే ఓడిపోయాడు.

లెక్కలంటే ఇష్టమున్నవాళ్ళకి ఒక సంగతి. 2014లో మ్యాట్ డేనియల్స్ అనే ఆయన ఒక్కో ర్యాపర్ పాటల్లోంచి మొదటి 35,000 మాటలు తీసుకుని, అందులో వేరువేరు మాటలెన్ని ఉన్నాయో లెక్కపెట్టాడు. ఏసప్ రాక్ అనే ర్యాపర్‌కి ఏడు వేలు దాటాయి. అదే కొలతకి షేక్‌స్పియర్‌కి వచ్చినవి ఐదు వేల పైచిలుకు. దీన్నిబట్టి ఎవరు గొప్పకవో తేలదు, పాటల్లో యాస స్పెల్లింగులు కూడా వేరే మాటల కింద లెక్కకొస్తాయి. కానీ “వాళ్ళకి పది మాటలకన్నా రావు” అనే మాట మాత్రం ఇక చెల్లదు.

మరి తిట్ల సంగతి? ఆఫ్రికన్ అమెరికన్ సమాజంలో డజన్స్ అని ఒక పాత ఆట ఉంది. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి ఒకరి తల్లినొకరు ప్రాస కలిపి ఎగతాళి చేసుకోవాలి. కోపం తెచ్చుకున్నవాడు ఓడిపోయినట్టు. వినగానే ఇదేం ఆట అనిపిస్తుంది. అయితే మన పెళ్ళిళ్ళలో వియ్యాలవారి పాటలో? బంతిలో కూర్చున్న వియ్యపురాలి తిండినీ, నడకనీ, మొగుడితో ఆవిడ వ్యవహారాన్నీ ఆడపెళ్ళివారి ముత్తైదువలు రాగం తీసి పాడేవారు. మా అమ్మమ్మ తరానికి అవి డజన్లకొద్దీ వచ్చు. కొన్నిటికి అర్థం అడిగితే పిల్లల్ని అవతలికి పొమ్మనేవారు. అక్కడా నియమం ఒకటే. వియ్యపురాలు నవ్వాలి, లేదా అంతకంటే గట్టి పాట అందుకోవాలి. ఆ మాటల్ని కోర్టులో చదివి వినిపిస్తే మన పెద్దవాళ్ళ పరువేం కాను!

నిజంగానే కోర్టులో చదివారు. 1990లో ఫ్లారిడాలో టూ లైవ్ క్రూ బృందం ఆల్బం అశ్లీలమని ఫెడరల్ న్యాయమూర్తి ఒకరు తీర్పు చెప్పారు. అది అమ్మిన దుకాణదారుణ్ణి, పాడిన బృందాన్ని కూడా అరెస్టు చేశారు. ఆ బృందం కేసులో ప్రొఫెసర్ హెన్రీ లూయిస్ గేట్స్ సాక్ష్యం చెబుతూ, ఇది అతిశయోక్తితో వెక్కిరించే పాత నల్లజాతి సంప్రదాయమని వివరించారు. బృందం నిర్దోషులుగా బయటపడింది. ఆల్బం మీద తీర్పుని 1992లో పై కోర్టు కొట్టేసింది.

ఆ వాదంలో కొంత నిజం ఉందని ఒప్పుకుంటాను, కానీ అక్కడితో ఆగడానికి నా మనసు ఒప్పుకోలేదు. న్యాయశాస్త్ర ప్రొఫెసర్ కింబర్లీ క్రెన్‌షా 1991లో ఇదే కేసు మీద రాసిన వ్యాసం దొరికాక కానీ నా ఇబ్బందికి మాట దొరకలేదు. ఆవిడ అన్నదాని సారం ఇది: తెల్లవాళ్ళ పాటల్ని వదిలేసి వీళ్ళనే పట్టుకోవడం జాతి వివక్షే. అలాగని సంప్రదాయం పేరు చెప్పి ఆడవాళ్ళ మీద మోటు మాటల్ని సమర్థించడమూ తగదు. ఈ రెండు పక్షాల గొడవలో అసలు ఆ మాటలు పడుతున్న నల్లజాతి స్త్రీల గురించి ఆలోచించినవాళ్ళు లేరు. వియ్యాలవారి పాటలో తిట్టేదీ ఆడదే, తిట్టించుకునేదీ ఆడదే, రేపు తిరిగి పాడే వంతు ఆవిడకి ఉంటుంది. మ్యూజిక్ వీడియోలో వెనక నిలబెట్టిన అమ్మాయికి మైకు ఇవ్వరు. నా మటుకు నాకు తేడా అక్కడుంది.

ఈ మాట మొదట మనమే అన్నామనుకుంటే పొరపాటు. డాక్టర్ కింగ్‌తో కలిసి నడిచిన సి. డెలోరెస్ టక్కర్ 1990లలో ఇలాంటి పాటలకి వ్యతిరేకంగా ఉద్యమమే నడిపింది. 2004లో అట్లాంటాలోని స్పెల్‌మన్ కాలేజీ విద్యార్థినులు, నెల్లీ అనే ర్యాపర్ తమ క్యాంపస్‌కి వస్తానంటే, ముందు నీ వీడియోలో ఆడవాళ్ళని చూపించిన తీరు గురించి మాతో మాట్లాడు అని నిలదీశారు. అతను రాబోయింది చెల్లెలి జబ్బు కోసం మూలుగ దాతల్ని వెతికే మంచి పనికే. అయినా వాళ్ళు వెనక్కి తగ్గలేదు, కార్యక్రమం ఆగిపోయింది. పాడే స్త్రీలు పాటతోనే జవాబిచ్చారు. న్యూజెర్సీ నువార్క్ అమ్మాయి క్వీన్ లతీఫా 1993లో ‘యునిటీ’ పాటలో వీధిలో ఆడవాళ్ళని పిలిచే పాడు పేర్లని సూటిగా నిలదీసింది. దానికి గ్రామీ వచ్చింది. మా పాప పాటల జాబితాలో నేను చేర్చినది అదొక్కటే. ఆ జాబితాలోకి నాకు ప్రవేశమే కష్టం మరి.

ఇంతకీ ఇది ఎక్కడి నుంచి పుట్టింది అన్నది పండితులకి ఇంకా తెగని పంచాయితీ. ఎక్కువగా వినిపించే కథ పేదరికానిది. రాబర్ట్ మోజెస్ క్రాస్ బ్రాంక్స్ ఎక్స్‌ప్రెస్‌వే కోసం వాడల్ని నిలువునా చీల్చాడు. 1970లలో భవనాలు వరసగా తగలబడ్డాయి. 1975లో న్యూయార్క్ నగరం దివాలా అంచుకి వెళ్ళి బళ్ళలో సంగీతం క్లాసులకి కోత పెట్టింది, వాయిద్యాలు లేని పిల్లలు టర్న్‌టేబుల్‌నే వాయిద్యం చేసుకున్నారు. 1977 జూలైలో నగరమంతా కరెంటు పోయిన రాత్రి దుకాణాలు లూటీ అయి, తెల్లారేసరికి వీధికో డీజే తయారయ్యాడు. కథ బాగుంది, కానీ తేదీలు చూడండి. సిండీ పార్టీ 1973 నాటిది. కారణం కార్యానికి తర్వాత రాదు కదా! ఆ కోతలూ ఆ లూటీలూ ఉన్న నిప్పుని ఎగదోసి ఉండొచ్చు, అంటించలేదు. హెర్క్ వాయించింది తండ్రి కొనుక్కున్న సౌండ్ సిస్టం మీద.

ఇంకొందరు పశ్చిమాఫ్రికాలో రాజుల వంశావళి పాడే గ్రియోల దగ్గర్నుంచి గీత గీస్తారు. ఇంకొందరు జమైకాలో రికార్డు మీద మాటలు కట్టే టోస్టింగ్ అంటారు. హెర్క్‌ని అడిగితే ఆ రెండోదాన్ని అతనే తోసిపుచ్చాడు. చర్చి ప్రసంగాలు, డజన్స్, రేడియోలో ప్రాస కలిపి మాట్లాడిన నల్లజాతి అనౌన్సర్లు, 1968లో హార్లెంలో మొదలైన లాస్ట్ పోయెట్స్, పక్క వీధుల్లోని ప్యూర్టోరికన్ పిల్లలు, అందరికీ ఇందులో వాటా ఉంది. నాకు ఎక్కువ నమ్మకం కలిగేది ఈ చివరి మాట. మన బుర్రకథని చూడండి. కథకుడు తంబురా మీటుతూ చెబుతుంటే ఒక వంత హాస్యం, ఒక వంత రాజకీయం అందుకుంటారు. తెల్లదొరలూ నిజామూ కూడా దాన్ని నిషేధించారు. బుర్రకథ ఆకలిలోంచి పుట్టిందని ఎవరైనా అంటే మనం ఊరుకుంటామా? ఆకలి గురించి చెప్పింది, నిజమే. ఆ చెప్పడానికి తరాల శిక్షణ ఉంది. ర్యాప్‌ని పేదల ఆక్రోశం అని జాలిగా మెచ్చుకోవడంలో నాకు కనిపించే లోటు అదే. 1982లో వచ్చిన ‘ది మెసేజ్’ బ్రాంక్స్ ఇరుకు బతుకుని పూసగుచ్చినట్టు చెప్పింది. ఆ ఇరుకులో లక్షల మంది బతికారు, ఆ పాట మాత్రం ఇద్దరు ముగ్గురే రాయగలిగారు.

2018లో కెండ్రిక్ లమార్ ‘డ్యామ్’ ఆల్బంకి పులిట్జర్ వచ్చింది. శాస్త్రీయ సంగీతం, జాజ్ కాక వేరే సంగీతానికి ఆ బహుమతి రావడం అదే మొదలు. టూపాక్ 1995లో తల్లి గురించి పాడిన ‘డియర్ మామా’ లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ భద్రపరిచే జాబితాలో ఉంది. మత్తుకి లొంగిపోయిన తల్లిని దాచకుండా చెబుతూ, ఆవిడకి చేతులెత్తి దణ్ణం పెట్టే పాట అది. తల్లులం కనక ఒకసారి వినండి.

అయినా ఈ మాటల్ని సాహిత్యంగా చూడడం అందరికీ ఇష్టముండదు. క్యారీ ఫ్రైడ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1996లో ప్రచురించిన ప్రయోగం నాకు బాగా నచ్చింది. 1960 నాటి ఒక జానపద తరహా పాట తీసుకుంది. పోలీసుని కాల్చి చంపినవాడి కథ, పాడింది కింగ్‌స్టన్ ట్రియో అనే తెల్లవాళ్ళ బృందం. ఆ మాటల్నే కొందరికిచ్చి కంట్రీ పాట అంది, కొందరికిచ్చి ర్యాప్ అంది. ర్యాప్ అని విన్నవాళ్ళకి అవే మాటలు ఎక్కువ ప్రమాదకరంగా అనిపించాయి. 2016లో వేరే పరిశోధకులు మళ్ళీ చేసి చూస్తే ఫలితం అలాంటిదే వచ్చింది. మారింది లేబులు ఒక్కటే. ఇంతకంటే శుభ్రమైన ప్రయోగం ఏముంటుంది?

లేబులు ఖరీదు కొందరికి ఏళ్ళ జైలు. పాటల్లోని మాటల్ని నేరానికి సాక్ష్యంగా కోర్టులో పెట్టడం ఇక్కడ మామూలైపోయింది. అట్లాంటాలో యంగ్ థగ్ కేసులో పాటల్ని చూపించడానికి 2023 నవంబరులో న్యాయమూర్తి అనుమతిచ్చారు. కాలిఫోర్నియా మాత్రం 2022లోనే దీనికి కళ్ళెం వేస్తూ చట్టం తెచ్చింది. ‘నేను’ అని రాసిన ప్రతి వాక్యమూ వాంగ్మూలమైతే మన ప్రబంధ కవులకి ఎన్నేళ్ళు పడేవో!

మన పిల్లలు వినడమే కాదు, రాస్తున్నారు కూడా. కాలిఫోర్నియా క్లేర్‌మాంట్‌లో తెలుగు ఇంట పుట్టిన శ్వేతా యల్లాప్రగడ రావు, చిన్నప్పటినుంచి కూచిపూడి నేర్చుకుని, ఈనాడు రాజకుమారి పేరుతో ర్యాప్ చేస్తోంది. గ్వెన్ స్టెఫానీ వంటివారికి పాటలు రాసింది, ముంబయి ర్యాపర్ డివైన్‌తో 2017లో ‘సిటీ స్లమ్స్’ పాడింది. ఆమె పాటల్లో జతులు వినిపిస్తాయి. డాన్స్ క్లాసు ఫీజు ఎటు పోతుందో మనకేం తెలుసు?

అయితే అక్కడే ఒక జాగ్రత్త ఉంది. ఆ పాటల్లో తరచూ వచ్చే ‘ఎన్’ మాట. పాడేవాళ్ళకి అది తాతల గాయం, తమలో తాము అనుకునే హక్కు వాళ్ళది. మన పిల్లలు స్కూలు బస్సులో దాన్ని సరదాగా అనేస్తున్నారు, మేమూ బ్రౌనే కదా అంటున్నారు. 2018 మేలో అలబామాలో కెండ్రిక్ ఒక అభిమానిని తనతో పాడడానికి వేదిక మీదికి పిలిచాడు. తెల్లమ్మాయి, ఆ మాటని కూడా కలిపి పాడేసింది. అతను పాట ఆపేశాడు. ఆ వీడియో మా పాపకి చూపించాను. ఇప్పుడు తను ఆ మాట వచ్చే చోట నోరు మూసి, బల్ల మీద వేలితో ఒక దెబ్బ వేసి, తర్వాతి మాట అందుకుంటుంది.

మొన్న అన్నం తింటూ అడిగింది. “ఇంగ్లీషు మాట అనకూడదు, ఓకే. మరి మనవాళ్ళు ఫోన్లో తెలుగులో వాళ్ళని ఒక మాట అంటారే, అది?” ఆ మాట ఏమిటో మీకు తెలుసు. వచ్చే వారం మా ఇంట్లో బాబాయిలూ పిన్నులూ అందరూ కలుస్తున్నారు, పాపని కూడా అక్కడే కూర్చోబెడతాను.